సామి బొమ్మ వెనక ఎర్రదీపం

ఓబులేసుకు అన్నం సయించడం లేదు. కారణం ఒక్కటే, సామి చేత కారు తోయించాడు.

పోరుమామిళ్లలో సుందరయ్య సామికి మఠం లేదు, పీఠం లేదు. ఉన్నదల్లా ఒక పెంకుటిల్లు, నలుగురు శిష్యులు, ఎవరో భక్తుడు వదిలేసి పోయిన పాత కారు. దాన్ని నడిపే పని ఓబులేసుది. మోటార్లకు రీవైండింగ్ చేసుకుని బతికే మనిషికి సామి పక్కన కూర్చుని ఊళ్లు తిరగడం కన్నా భాగ్యం ఏముంటుంది? దారిలో సామి మాట్లాడేది తక్కువ. శనక్కాయలు ఒలిచి తాను కొన్ని తిని, కొన్ని ఓబులేసు చేతిలో పెట్టేవాడు. ఆ కాసిని గింజల కోసం ఓబులేసు రాజ్యాలైనా వదులుకునేవాడు.

అలాంటిది, మొన్న బద్వేలు దారిలో కారు ఆగిపోయింది. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. డెబ్బై దాటిన సామి కిందికి దిగి, పంచె ఎగ్గట్టి, వెనక నుంచి తోశాడు.

ఈ వార్తను ఊరంతా మోసినవాడు చెన్నయ్య. అతనూ శిష్యుడే. ఏసీ ఉన్న కొత్త కారు కొన్నాడు. అప్పట్నుంచీ అతని కన్ను సామి పక్కసీటు మీదే.

"ఎల్లుండి సిద్ధవటంలో సత్సంగం. నీ డొక్కు కదలకపోతే సామి నా కార్లో వస్తాడు," అన్నాడు చెన్నయ్య.

"కరెంటు గురించి నాకు చెప్తావా? నేనే బాగు చేస్తా చూడు!" అని ఓబులేసు ఎగిరిపడ్డాడు.

మెకానిక్కును పిలవమని ఎవరన్నా అంటే అతనికి ఒళ్లు మండిపోయేది. కొత్త బ్యాటరీ తెచ్చి వేశాడు. అదీ పడుకుంది. చార్జింగ్ పెడితే లేచేది, కాసేపు తిప్పితే మళ్లీ పడుకునేది. హారను కొడితే జబ్బుచేసిన మేక మూలిగినట్టుండేది.

మర్నాడు పొద్దున్నే సామి దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"సామీ, బ్యాటరీ కొత్తది. వైర్లు మంచివి. కరెంటు యాడికి పోతాందో తెలీడం లేదు. అయినా మీ మహిమ మాత్రం బండిని వదల్లేదు. వచ్చి చూడండి."

"నా మహిమా? పద, నేనూ చూస్తా," అన్నాడు సామి.

స్టీరింగు వెనక, మీటర్ల అద్దం మీద ఓబులేసు ఎప్పుడో భక్తితో సామి ఫోటో అంటించుకున్నాడు. ఈ మధ్య ఇంజను ఆడుతున్నప్పుడల్లా ఆ ఫోటో చుట్టూ ఎర్రని వెలుగు కనబడుతోంది. మొదటిసారి చూసినప్పుడు లెంపలేసుకున్నాడు. తర్వాత వీధి వీధంతా వచ్చి దండం పెట్టుకుంది. కొండమ్మవ్వ కర్పూరం వెలిగించబోతే, ఇది పెట్రోలు బండి తల్లీ అని బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఓబులేసు ఇంజను ఆన్ చేశాడు. సామి వంగి, ఎర్రగా వెలిగిపోతున్న తన మొహాన్ని కాసేపు చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. గోటితో ఫోటో మూల గీకి, పరపరా ఊడబీకాడు.

"సామీ!" అని అరిచాడు ఓబులేసు.

వెనక ఎర్రదీపం వెలుగుతోంది. దాని మీద బ్యాటరీ గుర్తు ఉంది.

ఇంజను ఆడుతున్నా బ్యాటరీకి చార్జింగ్ ఎక్కకపోతేనే ఆ దీపం వెలుగుతుంది. డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే, ఓబులేసుకూ తెలుసు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సామి ఫోటో అతని చేతిలో పెట్టి, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

ఓబులేసు మల్టీమీటరు తీసి బ్యాటరీకి పెట్టాడు. ఇన్నాళ్లూ ఇంజను ఆపేసి చూశాడే తప్ప, ఆడుతుండగా ఒక్కసారీ చూడలేదు. పద్నాలుగు వోల్టుల దగ్గర నిలవాల్సిన అంకె పన్నెండు దగ్గరే వేలాడుతోంది. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా కిందికి జారింది. ఇంజను ఆపి బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఇంక అనుమానం లేదు. ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించాల్సిన ఆల్టర్నేటరే చచ్చింది.

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీశాడు. బోల్టు వదులు చేసి, బెల్టు జార్చి, ఆల్టర్నేటరు బయటికి తీశాడు. సరిగ్గా అలాంటిదే దొరకాలని దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో బద్వేలు వెళ్లాడు. ఆ ఇనపముద్దను చూసి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కొత్తది బిగించాడు. బెల్టు ఎక్కించి, బ్యాటరీ వైరు తగిలించాడు. చెన్నయ్య వచ్చి గోడకు ఆనుకుని వినోదం చూశాడు.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎర్రదీపం ఆరిపోయింది. మీటరు పద్నాలుగు చూపించింది.

ఓబులేసు గ్రీజు చేతులతోనే పరిగెత్తి సామి కాళ్ల మీద పడ్డాడు.

"అంతా మీ మహిమే సామీ! మీరు చెయ్యి పెడితేనే దొరికింది!"

"మరి నా చేత కారు తోయించింది ఎవరి మహిమరా?" అన్నాడు సామి, పంచెకు అంటిన గ్రీజు చూసుకుంటూ.

చెన్నయ్య పగలబడి నవ్వాడు. ఓబులేసు కూడా నవ్వక తప్పలేదు.

సత్సంగం నాడు కారు ఒక్క తిప్పుకే లేచింది. సామి వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. ఓబులేసు గుండె నిండిపోయింది. బయల్దేరబోతూ, జేబులోంచి ఫోటో తీశాడు. మీటర్ల వైపు చూశాడు. ఇటు పెడితే ఆయిలు దీపం, అటు పెడితే వేడి చూపే ముల్లు, కింద పెడితే పెట్రోలు ముల్లు. ఎక్కడా ఖాళీ లేదు. ఆఖరికి ముందు అద్దానికి, సరిగ్గా తన కళ్లకు ఎదురుగా అంటించి, మెచ్చుకుంటాడేమోనని సామి వైపు తిరిగాడు.

"నీ పక్కనే కూచోనుండాను కదరా," అన్నాడు సామి. "రోడ్డు చూడు."