పై చెరువుకు ఎక్కిన చేప

కోవిదుడు చెప్పిన జోస్యం నాలుగు చెరువుల్లో అక్షరాలా నిజమైంది. పై చెరువు దగ్గర తప్పింది. తప్పకూడని చోటు అదొక్కటే.

గుట్ట కింద ఏడు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు దూకి రెండోదానికి, అది నిండితే మూడోదానికి, అలా ఏడో చెరువు దాకా నీళ్ళు పోతాయి. రెండేళ్ళ కింద పట్నం మనిషెవరో ఇంట్లో అద్దాల తొట్టి ఖాళీ చేస్తూ, అందులోని చేపల్ని తెచ్చి మూడో చెరువులో పడేశాడు. ఒళ్ళంతా గరుకు పెంకులు, రెక్కల్లో ముళ్ళు, రాళ్ళకు అతుక్కునే నోరు. జాలర్లు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. అది తినడానికి పనికిరాదు. వలలు చింపుతుంది. మిగతా చేపల గుడ్లు తినేస్తుంది.

కోవిదుడు గుట్ట మీది బౌద్ధ విహారంలో శిష్యుడు. కాలేజీలో లెక్కలు చదివి వచ్చి భిక్షువుల కాషాయ చీవరం కట్టాడు గానీ లెక్కలు మాత్రం మానలేదు. అలుగుల ఎత్తు కొలిచాడు, వానలు రాసుకున్నాడు. ఏ చెరువుకు ఆ చేప ఎప్పుడు చేరుతుందో నెలతో సహా చెప్పాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు చెరువుల్లో చెప్పిన నెలకే తేలింది. ఆ తరవాత అతని నడకే మారిపోయింది.

గురువు సుమన భంతే అది గమనించారు.

పై చెరువు జాలర్లకు పెద్ద పోశవ్వ. నలభై ఇళ్ళవాళ్ళు ఏడాదికొక్కసారి, ఎండాకాలంలోనే అక్కడ వల దించుతారు. ఆ కొర్రమీనులే వాళ్ళ బతుకు. నిరుడు ఆమె వచ్చి, దెయ్యం చేప రాకముందే చేపలు పట్టేసుకుందామా అని అడిగింది. "నీళ్ళు పైకి ఎక్కవమ్మా. మీ చెరువుకు అది రాదు. ఎండాకాలం దాకా పెరగనివ్వండి" అన్నాడు కోవిదుడు.

ఈ వేసవిలో పోశవ్వ చిరిగిన వల భుజాన వేసుకుని విహారానికి వచ్చింది.

"నువ్వు రాదంటివి సామీ. ఆగుమంటివి, ఆగినం. నాలుగే కొర్రమీనులు పడ్డయి. కడమయన్నీ ఈ దెయ్యం చేపలే. ఎట్లొచ్చినయో జర నువ్వే చెప్పు."

"లెక్క మళ్ళీ చూసి చెబుతానమ్మా" అన్నాడు కోవిదుడు. ఆమె వెళ్ళాక రాసుకున్నదంతా మళ్ళీ తిరగేశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. సిగ్గుకన్నా కోపం ఎక్కువైంది. భంతే దగ్గరికి వెళ్ళాడు.

"కొంగలు మోసి ఉంటాయి భంతే. లేదా కిట్టనివాళ్ళెవరో తెచ్చి వేశారు. వాళ్ళెవరో తేలాలి."

"తేలాలి" అన్నారు భంతే. "ఇవాళ పున్నమి కదా. చేపలు తెచ్చారా?"

ప్రతి పున్నమికీ భక్తులు కింది చెరువుల వలల్లో పడ్డ చిన్న చేపల్ని చావకుండా కుండలో తెస్తారు. వాటిని నీళ్ళలో వదిలి ప్రాణం పోయడం విహారంలో ఆచారం. నిరుటి నుంచీ ఆ పని కోవిదుడిదే. ఏడాదిలో ఒక్కసారే వల పడే చోటని పై చెరువును అతనే ఎంచుకున్నాడు. కుండ వంచేటప్పుడు కళ్ళు మూసుకుని, అన్ని ప్రాణులూ సుఖంగా ఉండాలనే మైత్రీ సూత్రం చదివేవాడు. ఆ కాసేపూ అతని మనసు నిజంగానే చల్లగా ఉండేది.

"తెచ్చారు భంతే."

"పద. ఇవాళ నేనూ వస్తాను."

బయలుదేరుతూ భంతే వంటింట్లోంచి తెల్ల పింగాణీ బేసిను తీసుకున్నారు. ఎందుకని కోవిదుడు అడగలేదు. అతని ధ్యాసంతా ఆ ద్రోహి ఎవరన్నదాని మీదే ఉంది.

పై చెరువు గట్టు మీద పోశవ్వ వల బాగుచేసుకుంటోంది. కోవిదుడు నీళ్ళ దగ్గరికి దిగి, కళ్ళు మూసుకుని, కుండ ఎత్తాడు.

"ఇందులో పొయ్యి" అంటూ భంతే బేసిను పట్టారు.

కుండ వంచాడు. తెల్లటి అడుగు మీద వెండి రంగు పరిగె చేపలు గిలగిలా తిరిగాయి. వాటి మధ్య వేలి గోరంత నల్లటిదొకటి కదలకుండా బేసిను అంచుకు నోరు అతికించుకుని ఉంది. పక్కనే ఇంకొకటి.

కోవిదుడు వంగి చూశాడు. వాటి ఒంటి నిండా గరుకు పెంకులు.

పోశవ్వ లేచి వచ్చి బేసినులోకి తొంగిచూసింది. కేకలు వేస్తుందనుకున్నాడు కోవిదుడు. వేయలేదు.

"ఎన్ని పున్నాలాయె సామీ, నువ్వు గిట్ల పోయబట్టి?"

"పదకొండు" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినబడలేదు.

ఆమె గట్టు మీది చిరిగిన వల వైపు చూసింది. కోవిదుడు గురువు వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"భంతే, వీటికీ ప్రాణం ఉంది. చంపలేను, వదల్లేను. ఏం చెయ్యమంటారు?"

సుమన భంతే బేసిను అతని చేతుల్లో పెట్టారు.

"నన్నెందుకు అడుగుతావు? చెరువు వాళ్ళది" అని, గట్టెక్కి వెళ్ళిపోయారు.

కోవిదుడు బేసిను పట్టుకుని పోశవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఏం చెయ్యాలో మీరే చెప్పండమ్మా" అన్నాడు.