పైడితల్లి తాటాకు గోడ

ఆ సాయంత్రం పైడితల్లికి ఏడుపొక్కటే తక్కువ. తెల్లారితే ప్రదర్శన. గురువు కూర్మయ్యగారి పనిశాల నుంచి ఆమె పేరుతో బయటికెళ్లే మొదటి పని అది.

అదొక చెక్క గోడ, మనిషెత్తు. ముందువైపు ఇత్తడి బూరా. వెనకవైపు, బూరా మొదట్లో బిగించిన మేకతోలు. ఆ తోలు నుంచి దారాలు పైకెళ్లి, గోడ అంచున వేలాడే తాటాకు రేకుల్ని పట్టుకుంటాయి. బూరాలోకి ఎవరైనా మాట్లాడితే తోలు అదురుతుంది, రేకులు ఊగుతాయి. గొంతు కంటికి కనబడుతుందన్నమాట.

చిక్కేమిటంటే, ఆ గోడకు పెద్దాచిన్నా తేడా లేదు. రేపు పట్నం నుంచి పేరున్న గాయని వచ్చి పాడుతుంది. ఆవిడ రాగం తీస్తుంటే పక్కనెవరో దగ్గారనుకోండి, రేకులు దగ్గుకీ గంతులేస్తాయి. గురువుగారి పరువేం కావాలి?

అందుకని మైనం కరిగించి దారాల ముడులన్నిటికీ అద్దింది. దారాలు బిరుసెక్కాయి. గొంతెత్తి పాడితే రేకులు గాలికి వరిచేనులా ఒద్దికగా ఊగాయి. దగ్గి చూసింది, కదల్లేదు. హమ్మయ్య అనుకుని గురువుగారిని పిలుచుకొచ్చింది.

కూర్మయ్యగారికి కిందటేడు గొంతు ఆపరేషనైంది. ఒకప్పుడు ఆయన కేకేస్తే వీధి చివర కోళ్లు కూడా బెదిరేవి. ఇప్పుడు నోట్లోంచి గాలే తప్ప మాట రాదు. పైడితల్లితో ఏం చెప్పాలన్నా ఆమె చెవి దాకా నడిచి రావలసిందే, పాపం.

పైడితల్లి పాడి చూపించింది. ఆయన చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"మైనం పెట్టానండి. ఇంక పనికిమాలిన చప్పుళ్లకి కదలదు," అంది గర్వంగా.

ఆయన తలూపారు. కండువా సర్దుకుని, బూరా ముందు వంగి, ఎంతో ఇష్టంగా ఏదో అన్నారు. పెదాలు కదిలాయి. గోడ కదల్లేదు.

ఊపిరంతా కూడదీసుకుని మళ్లీ అన్నారు. ఒక్క రేకూ ఉలకలేదు. కోపమేం రాలేదాయనకు. తలుపు తట్టి నిలబడ్డ మనిషిలా, రేకుల వంక చూస్తూ ఉండిపోయారు.

"ఏటన్నారు గురువుగారూ?"

ఆయన నడిచి వచ్చి ఆమె చెవిలో చెప్పారు.

"పైడీ అన్నానే."

ఆమె గోడ వెనక్కెళ్లి, గోటితో మైనం గీకడం మొదలుపెట్టింది. గీకుతూ ఏడ్చింది కూడా. చెక్క అడ్డం కాబట్టి ఆయనకు కనబడదని ధైర్యం. ఒక్కో దారం వదులవుతుంటే వీధిలో సైకిలు గంటకీ, పక్కింట్లో గిన్నెల చప్పుడుకీ రేకులు మళ్లీ అల్లరి మొదలుపెట్టాయి. పెట్టనీ అనుకుంది.

చివరి ముడి కూడా వదిలింది. కాసేపటికి వీధి సద్దుమణిగింది. ఏ చప్పుడూ లేదు. పైన తాటాకు రేకులు మెల్లగా, ఒకదాని వెనకొకటి, కదిలాయి.

పైడితల్లి కొంగుతో మొహం తుడుచుకుని, ఉన్నచోటి నుంచే కేకేసింది.

"ఆఁ... వస్తన్నాను గురువుగారూ."