ఎర్రగుడ్డ పీకేసిన మడి

ఏ మందు మంచిదని అడిగితే యశ్వంతరావు సారు నోటితో జవాబు చెప్పరు. చేతికర్ర తీసుకుని చేలోకి దారితీస్తారు. వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకోవాలంటే తలకాయ కంటే ముందు కాళ్ళు గట్టిగా ఉండాలి.

పుష్యమాసపు పొద్దున దత్తాద్రి అడిగిందీ అదే. గోధుమలో వెడల్పాకు కలుపు, అందులోనూ చక్రవర్తి కూర, పైరును మించి మొలిచింది. సారు చెప్పినట్టే అతను మూడు మడులు కట్టి, మూడు రకాల కలుపు మందులు కొట్టి పన్నెండు రోజులైంది. ఏది కొనాలో మర్నాడు ఊరి గోధుమ రైతులందరికీ అతనే చెప్పాలి.

"మొదటిది ఫస్టు, రెండోది సెకండు, మూడోది దండుగ సారూ. కలుపుకు ఏం కాలే. దాని ఎర్రగుడ్డ గూడ పీకేసిన" అన్నాడు. మందు కొట్టిన మడిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతడం సారు పెట్టిన పద్ధతి.

"నడువు" అన్నారు సారు.

మంచు ఇంకా విడలేదు. మొదటి మడిలో కలుపు మొక్కలు మెడలు మెలితిరిగి నేలను చూస్తున్నాయి. రెండోదాంట్లో కాగిన నూనె చిందినట్టు ఆకులు మాడాయి. మూడోదాంట్లో చక్రవర్తి కూర నిగనిగలాడుతోంది. మందు కొట్టిననాడు సారు అక్కడ పది మొక్కలకు చిగురు కిందే దారం కట్టారు. దత్తాద్రి వంగి చూశాడు. పక్కన గోధుమ జానెడు పెరిగింది. దారం మాత్రం చిగురు కిందే ఉంది. పదో మొక్కకూ అంతే. ఒక్క కొత్త ఆకు పుట్టలేదు, ఒక్క పాత ఆకు వాడలేదు. పీకితే ఊరికే చేతికొచ్చింది, వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. పన్నెండు రోజులుగా ఇవన్నీ చచ్చి నిలబడే ఉన్నాయని దత్తాద్రికి అప్పుడు తెలిసింది. ఆ పచ్చదనం మధ్య నిలబడటానికే భయమేసింది.

"అయితే అన్నిట్లకు ఇదే ఫస్టు..." అనబోయాడు.

సారు వినడం లేదు. గట్టు మీదికి చూస్తున్నారు. అక్కడ దత్తాద్రి భార్య సునంద సద్దిగిన్నె విప్పి కూతురికి ముద్ద కలుపుతోంది.

"ఏం కూర, బిడ్డా?" అని అడిగారు.

"చక్రవర్తి కూర పప్పు సారూ. నిన్న పొద్దుగూకంగ ఈ మూడో మడిలనే కోసిన. ఆ రెండిట్ల ఎర్రగుడ్డలున్నయని ముట్టలే."

కనిపించిన ఆకుకూరను ఒడిలో వేసుకురావడం ఆ ఊరి ఆడవాళ్ళ అలవాటు. దత్తాద్రికి అది తెలియనిది కాదు. ఎప్పుడు పరిగెత్తాడో అతనికే తెలియదు. పిల్ల పెదవుల దగ్గరి ముద్దను చేత్తో కొట్టేశాడు. పిల్ల బిత్తరపోయి, తర్వాత ఏడుపు అందుకుంది. సునంద కసిరేదే, మగని మొహం చూసి ఆగింది.

"ఎవరన్న తిన్నరా?"

"ఇంకా ఎవ్వరం తినలే. ఇప్పుడే గద విప్పిన."

గిన్నెను అక్కడే గుంట తీసి బోర్లించాడు. పీకేసిన కర్రను వెతికి తెచ్చి మళ్ళీ పాతాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "రేపు ఊరోళ్ళకు ఏది మంచిదని చెప్పాలె సారూ?"

సారు చేతికర్ర అందుకున్నారు.

"మెడ తిరిగిన మొక్కను ఎవరూ వండుకోరు, దత్తాద్రీ" అన్నారు.