సంతోషమ్మ గుప్పెడు బియ్యం

"నా బియ్యం దేవుడికి అక్కర్లేదంట! వినండర్రా!"

పేట చివర నుంచి సంతోషమ్మ కేక అది. చర్చి వెనక సాంబారుకి వంకాయలు తరుగుతున్నవాణ్ణి, కత్తిపీట వదిలేసి లేచాను.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది లెండి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్లు ఒక గుప్పెడు తీసి, ప్రభువు పేరు చెప్పి, వేరే కుండలో వేస్తారు. నెలకో ఆదివారం అవన్నీ చర్చికి తెస్తే, ఆరాధనయ్యాక అందరికీ ప్రేమవిందు. ఆ పూట గుమ్మం దగ్గర బియ్యం పుచ్చుకునే పని కృపావరానిది. మా పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారి దగ్గర వాక్యం నేర్చుకోవడానికి వచ్చినవాడు, మంచివాడే. దేవుడు ఎవరిమీదా ఆధారపడడు, ఆయనలో ఏ కొదువా లేదు అని ముందురోజే పాఠం విన్నాడు. అది తలకెక్కించుకుని, కూలికెళ్తేగాని పొయ్యి వెలగని సంతోషమ్మ మూట చూసి, "ఆయనకి ఆకలి లేదమ్మా, నువ్వే వండుకో" అని జాలిగా తిప్పి పంపేశాడు.

అయ్యగారే ఎదురెళ్లి ఆమెను తీసుకొచ్చారు.

"ఏం బాబూ, ఆయనకి ఆకలి లేదని పంపావా, నాకుందని పంపావా?" అని కృపావరాన్ని నిలదీసింది. "అందరి చేతిదీ పుచ్చుకుని నా చెయ్యి తోసేశావు. ఇంక ఏ మొహంతో పంక్తిలో కూర్చోను?"

కృపావరం అయ్యగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, ఏ కొదువా లేనివాడు లేనివాళ్ల చేతిది ఎందుకు పుచ్చుకోవాలండీ?"

వాదించడం అయ్యగారికి అలవాటు లేదు. "దోసిలి పట్టు" అన్నారంతే.

సంతోషమ్మ మూట విప్పి పోసింది. ఆ నెల ఆమె పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో ఆ దోసిలే చెప్పింది. అది నిండలేదు. కృపావరం ఒక్క గింజ రాలకుండా తీసుకెళ్లి అందరి బియ్యంలో కలిపాడు.

అన్నం దిగింది. కృపావరమే వడ్డించాడు. పొగలు కక్కుతున్న ఆ అన్నంలో ఎవరి గింజ ఏదో ఇంక ఎవరు చెప్పగలరండీ? సంతోషమ్మ విస్తరి దగ్గర అతని గరిటె ఆగిపోయింది.

"పెట్టవయ్యా, ఇంకో గరిటె! నువ్వూ కూర్చో, అన్నీ నువ్వే చూసుకోవాలా?" అంది, విందు పెట్టిన ఇల్లాలి దర్జాతో.

అతని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టింది. అందరం కూర్చున్నాం.

అయ్యగారు సాంబారు కలుపుకుంటూ మెల్లగా అన్నారు: "ఆయనకే ఆకలుంటే, ఈపాటికి మనకేం మిగిలేది నాయనా?"