అయ్యగారి మధ్యాహ్నం పని

డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి జక్కరయ్య గారు మధ్యాహ్నం భోజనం కాగానే తన గది తలుపు వేసుకునేవారు. టీ వేళ దాకా ఎవరు పిలిచినా పలికేవారు కారు. ఆయన కోనసీమలో ఒక చిన్న ఊళ్ళో, పాస్టర్లు కాబోయేవాళ్ళకు వేదపాఠాలు చెప్పే పెద్దాయన. వయసు మీద పడినా క్రిస్మస్ నెలలో ఆయనకు కాలు నిలవదు. పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట, నడుమ ఇళ్ళ ప్రార్థనలు. అలాంటి నెలలో ఆయన తలుపు వేసుకుంటే జనం ఊరుకుంటారా? మూసిన తలుపు వెనక ఏముందో తెలిసేదాకా మనవాళ్ళకు అన్నం సహించదు.

ఆయన శిష్యుల్లో యోనాతాను అని ఒకడుండేవాడు. కరెంటు ఆఫీసులో పని మానుకుని సేవకు వచ్చినవాడు. ఒకనాడు అయ్యగారు తలుపు దగ్గరికి వెళ్ళబోతుంటే అడ్డంగా నిలబడి అడిగేశాడు.

"అయ్యగారూ, బయట నలుగురూ నన్నడుగుతున్నారండి, మధ్యాహ్నం పూట మీరు లోపల ఏం చేస్తారని. ఏం చెప్పమంటారు?"

"వాళ్ళడుగుతున్నారా, నువ్వడుగుతున్నావా?"

యోనాతాను తల దించుకుని, "నేను కూడానండి," అన్నాడు.

అయ్యగారు కోప్పడలేదు. వెనక్కి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుని, పరంజ్యోతి గారనే పాస్టరు సంగతి చెప్పారు. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా కోపం కనబడితే అది నాది, ఆయనది కాదు.

పరంజ్యోతి గారిది కాలవ పక్కన ఒక ఊరి సంఘం. మంచి మనిషే, కాకపోతే కాస్త మొహమాటస్తుడు. క్రిస్మస్ ఇంకా నెలుందనగానే ఆయన తన చేతిలో తాను ఉండేవారు కారు. బడిలో క్రిస్మస్, ఆటోవాళ్ళ క్రిస్మస్, రైసుమిల్లులో క్రిస్మస్. అన్నిచోట్లా అదే గొర్రెల కాపరుల కథ, అప్పుడే తెలిసినట్టు చెప్పాలి. చీకటి పడుతుండగా పడుచువాళ్ళు డోలూ గిటారూ పట్టుకుని ఇల్లిల్లూ పాడుతూ తిరుగుతారు. వాళ్ళ వెంట అయ్యగారు ఉండి తీరాలి. ప్రతి ఇంట్లోనూ నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ ఒక కేకు ముక్కా పళ్ళెంలో పెట్టి ముందుకు తోస్తారు. ఒక ఇంట్లో తిని పక్కింట్లో వద్దన్నారో, ఆ మాట ఈస్టరు దాకా నడుస్తుంది.

అలాంటి రోజుల్లో పరంజ్యోతి గారు మధ్యాహ్నం కాగానే సైకిలు హ్యాండిలుకు ఒక గుడ్డసంచీ తగిలించుకుని ఊరు దాటి వెళ్ళిపోయేవారు. ఎక్కడికండీ అంటే, "పని ఉంది" అనేవారు. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది.

పట్నంలో పెద్ద సంఘంవాళ్ళు ఆయన్ని లాగేసుకుంటున్నారని ఒకరన్నారు. సంచీలో మంచి చొక్కా ఉంటుందని, దారిలో మార్చుకుంటారని ఇంకొకరన్నారు. చొక్కా ఎవరి కోసం మార్చుకుంటారో చెప్పకుండా నవ్వి వదిలేశారు. నన్నడిగితే ఆ మాటకంటే ఆ నవ్వు చెడ్డది. పాస్టరమ్మ గారిని కుళాయి దగ్గర కదిపి చూశారు. ఆవిడ "ఆయన పని ఆయనదమ్మా" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. దానికీ ఒక అర్థం తీశారు. ఆవిడకు అంతా తెలుసట, పాపం, కడుపులో పెట్టుకుని తిరుగుతోందట.

చివరికి, క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని, అయ్యగారిని ఉంచాలో పంపాలో తేల్చేద్దామని సంఘ పెద్దలందరూ అనుకున్నారు. తేల్చాలంటే కళ్ళతో చూసినవాడు ఒకడు కావాలి. ఆ పని ఏలియా అనే పెద్ద తన నెత్తిన వేసుకున్నాడు. ఏలియా టీ తాగేముందు కప్పు అడుగు కూడా తిప్పి చూసే రకం. తన అనుమానాన్ని అతను ఎన్నడూ తప్పనుకోలేదు, సంఘానికి తాను చేసే సేవ అనుకునేవాడు.

మర్నాడు మధ్యాహ్నం అతను సైకిలు కనుమరుగు కాకుండా గట్టు దిగువన గబగబా నడుచుకుంటూ వెళ్ళాడు. పరంజ్యోతి గారు ఊరికి దూరంగా, కాలవ మీద ఒకప్పుడు పడవలు దాటించి ఇప్పుడు వాడకం పోయిన పాత లాకుల దగ్గర ఆగారు. ఏలియా జమ్ము గడ్డిలో నక్కి కూర్చున్నాడు. అయ్యగారు సంచీలోంచి వెదురు ముక్కలు తీసి ఒకదాంట్లో ఒకటి దోపారు. దారం కట్టారు. కొబ్బరిచిప్పలోంచి వానపామును తీసి కొక్కేనికి గుచ్చి, గాలం నీళ్ళలోకి వేసి, లాకు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. ఒక చిన్న పరిగె చేప పడితే మెల్లగా విడిపించి మళ్ళీ కాలవలో వదిలేశారు. ఇంటికి చేప పట్టుకెళ్తే అది ఎక్కడిదని అడుగుతారని ఆయన భయం. అది తెలియని ఏలియా, ఇదంతా పైకి వేషమే, అసలు మనిషి ఇంకా రావాలి అనుకుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు.

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఎవరూ రాలేదు. ఇంట్లో పొలం వైపు వెళ్తున్నానని చెప్పి రోజూ అదే దారి పట్టాడు. ఒకరోజు చీమలు కుట్టి ఉలిక్కిపడితే జమ్ము కదిలింది. పరంజ్యోతి గారు తల తిప్పకుండానే అన్నారు.

"ఏలియా గారూ, అక్కడ చీమలెక్కువ. ఇలా వచ్చి కూర్చోండి."

ఏలియా బట్టలు దులుపుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి, "ఇంతేనాండి?" అన్నాడు.

"ఇంతేనండి."

"మరి పనుందంటారు కదండీ?"

"చేపలు పడుతున్నానంటే నవ్విపోతారని అలా అన్నాను. అది తప్పే."

"ఇక్కడ కూచుంటే ఏవొస్తదండి మీకు?"

"ఏమీ రాదు. అందుకే వస్తాను," అన్నారు పరంజ్యోతి గారు.

ఏలియాకు ఆ జవాబు రుచించలేదు. అయినా ఎండ వాలేదాకా లేవలేదు. నీళ్ళ మీద గాలి తిరుగుతోంది, ఎవరూ పిలవడం లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ళ తర్వాత అతని ప్రాణానికి హాయిగా ఉంది. ఆ హాయి మీద కూడా అతనికి అనుమానం వచ్చింది.

అనుకున్న ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు గదిలో కూర్చున్నారు. బయట పడుచువాళ్ళు రంగు కాగితాల నక్షత్రాన్ని వెదురు కొసకు కడుతున్నారు. ఏలియా లేచి నిలబడ్డాడు.

"ఆయ్, చేపలేనండి. గాలవేసుక్కూచుంటారు. ఇంకేం లేదండి."

అందరిలోకీ పెద్ద సత్యానందం గారు కళ్ళజోడు తీశారు. "చేపలా? మరి ఏవయ్యా ఆ చేపలు? పాస్టరు గారింట్లో పులుసు కాగిన వాసన కూడా రాలేదే?"

"పట్టి వదిలేత్తారండి."

"పట్టి వదిలేస్తాడా! మేమెలా కనబడుతున్నాం రా నీకు?"

ఇంకో పెద్ద అందుకున్నాడు. "ఏలియా, నువ్వూ మధ్యాహ్నాలు కనబడ్డం లేదంటగా. పొలమని చెప్పి ఎటో పోతున్నాడని మీ ఆవిడ మా ఇంట్లో కూచుని ఏడ్చింది. ఇద్దరూ కలిసే వెళ్తున్నారా ఏంటి?"

జీవితమంతా ఏలియా ఎదుటివాళ్ళని ఏ చూపు చూశాడో, ఆ చూపు ఇప్పుడు గదినిండా తన మీదే ఉంది. పుట్టిన దగ్గర్నుంచి అతను చెప్పిన మాటల్లో ఇంత నిఖార్సయిన నిజం ఇంకోటి లేదు, అదొక్కటీ ఎవరూ నమ్మలేదు.

పరంజ్యోతి గారిని పిలిపించారు. సత్యానందం గారు చెడ్డ మనిషేమీ కారు, పండగ గొడవ లేకుండా గడిచిపోవాలని ఆయన ఆశ. గొంతు తగ్గించి మెల్లగా దారి చూపించారు.

"అయ్యగారూ, ఏకాంతంగా ప్రార్థన చేసుకోడానికి వెళ్తున్నానని ఒక్క మాటనండి. ఏలియా దూరాన్నించి చూసి కర్రని గాలం అనుకున్నాడని మేం సర్దుకుంటాం. క్రిస్మస్ బెమ్మాండంగా జరుగుద్ది."

ఔనంటే చాలు. ఉన్న ఇల్లు ఉంటుంది, పిల్లలు ఆ బడిలోనే చదువుకుంటారు, ఇన్నాళ్ళూ చెవులు కొరుక్కున్నవాళ్ళే ఆ లాకుల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళూనుతారు. కాకపోతే ఆ రోజు నుంచి ఏలియా ఆ ఊళ్ళో అబద్ధాలకోరుగా బతకాలి. ఏలియా తల ఎత్తలేదు. అతని చేతులు మాత్రం కుర్చీ వెనక కర్రని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పరంజ్యోతి గారు ఆ చేతుల వైపు చూశారట.

"నేను ప్రార్థన చెయ్యలేదండి," అన్నారు. "అది పొద్దున్నే ఇంట్లో చేసుకుంటాను. లాకుల దగ్గర చేపలు పట్టాను. ఏలియా గారు చెప్పిందంతా నిజం. పని ఉందని నేను చెప్పిందే అబద్ధం."

ఒకాయన, పేతురు వలలు వదిలేసి ప్రభువు వెంట వెళ్ళాడని మనకు ప్రసంగాలు చెప్పి ఈయన గాలం పట్టుకుంటాడా, అన్నాడు. సత్యానందం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, నిజంగానే బాధపడుతూ అన్నారు.

"పాపం చేశానన్నా బాగుండేదండి. అందరం కలిసి ప్రార్థన చేసి క్షమించేవాళ్ళం. ఖాళీగా కూచున్నానంటే దాన్నేం చెయ్యమంటారు?"

ఇక్కడికి చెప్పి జక్కరయ్య గారు ఆగిపోయారు. మంచినీళ్ళ చెంబు అందుకుని తాగారు. నాకు సత్యానందం గారి మీద ఒళ్ళు మండిపోతోంది. యోనాతాను మాత్రం ఇంకోదారిలో ఉన్నాడు.

"ఇంతకీ ఆయన మాట వాళ్ళు నమ్మారాండి?"

"నమ్మారు. నమ్మారు కాబట్టే పంపించేశారు."

క్రిస్మస్ ప్రసంగం ఆయనచేతే చెప్పించుకున్నారట. కొత్త సంవత్సరం రాకముందే మంచాలూ గిన్నెలూ ట్రాక్టరు ఎక్కాయి. సాయానికి వెళ్తే తమని ఏమనుకుంటారోనని ఒక్కరూ ఇల్లు కదల్లేదు. ఏలియా ఒక్కడూ వచ్చి, మంచం కోళ్ళకు తాళ్ళు బిగించి కట్టి, ట్రాక్టరు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. అది చూసి ఊరు, మేం ముందే అనుకున్నాం, వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉంది, అంది.

జక్కరయ్య గారు లేచి కండువా దులిపి భుజాన వేసుకుని తలుపు వైపు నడిచారు. గడప మీదికి వెళ్ళాక యోనాతాను ఆపుకోలేక వెనకనుంచి అడిగాడు.

"మరి బయటవాళ్ళకి ఏం చెప్పమంటారండి?"

"నిద్రపోతున్నానని చెప్పు, నిజం అదే," అన్నారు అయ్యగారు తలుపు దగ్గరికి వేస్తూ. "ఎవరైనా నమ్మితే మాత్రం వెంటనే వచ్చి నన్ను లేపు."