గుమ్మడికాయకు దేశబహిష్కారం

ఒకానొక రాజ్యం, ఇప్పుడు దాని పేరు చెప్పినా ఎవరికీ తెలియదు, దాన్ని మల్లభూపతి అనే రాజు ఏలేవాడు. అతని రాణి జ్వరంతో కన్నుమూసింది. పాపం, ఎవరికైనా దుఃఖమే. కానీ రాజుగారి దుఃఖం కదా, ఊరంతా పడాల్సిందే! తన నోటికి లేని తీపి ఎవరి నోటికీ ఉండరాదని చాటింపు వేయించాడు. బెల్లం, తేనె, చెరకు అన్నీ కోటలో పెట్టి తాళం వేశారు. పిల్లలు పుట్టినా, పెళ్లిళ్లయినా జనం చప్పిడి నోళ్లతోనే తిరిగేవారు.

రాజు మాత్రం తిన్నాడా? రెండు ముద్దలు కతికి లేచిపోయేవాడు. రోజురోజుకూ చిక్కిపోతున్న మనిషిని చూసి ఉండబట్టలేక, వంటమనిషి పేరిందేవమ్మ దాచుకున్న బెల్లం ముక్క పులుసులో వేసింది. దొరికిపోయింది. దేశం విడిచి పొమ్మన్నాడు రాజు. నా అన్నవాళ్లు లేని ముసలిది, ఎక్కడికి పోతుంది చెప్పండి?

ఆస్థానంలో అక్కిరాజు అనే మాటకారి ఉండేవాడు. బెల్లం లేకుండానే రాజు కడుపునిండా తినే పులుసు కాచి తెస్తానని, తింటే ముసలమ్మను క్షమించాలని, తినకపోతే తనూ ఆమె వెంట పోతానని పందెం కాశాడు. తన చేత తినిపించేవాడు ఇంకా పుట్టలేదని రాజు మీసం దువ్వాడు. అక్కిరాజు ఇంట్లో, వంటింటి గుమ్మంలో భటుణ్ణి కాపలా పెట్టించాడు.

మన మాటకారి మహానుభావుడు అంతవరకూ గరిటె పట్టి ఎరగడు. పులుపెక్కువైందని ఉప్పు వేశాడు, ఉప్పెక్కువైందని నీళ్లు పోశాడు, పలచబడిందని కారం గుమ్మరించాడు. భార్య కామాంబ రుచి చూసింది.

"ఇది తాగితే దేశం కాదండీ, లోకమే విడిచి పోవచ్చు."

పులుపును అణచాలని చూడొద్దనీ, పక్కన తీపిని కూర్చోబెడితే అదే సర్దుకుంటుందనీ చెప్పింది. ఉల్లిపాయల్ని సన్నసెగ మీద ఎర్రబడేదాకా మగ్గించమంది. ముదిరిన గుమ్మడి ముక్కలు మెత్తబడ్డాక చింతపండు రసం కొద్దికొద్దిగా, రుచి చూసుకుంటూ పోయించింది. ఉప్పు చివర్లో వేయించింది.

సభలో రాజు ఒక ముద్ద తిని కనుబొమలు ముడిచాడు. బెల్లం వేశావన్నాడు. లేదన్నాడు భటుడు. నిజం తేల్చాలని రాజు ఇంకో ముద్ద తిన్నాడు, ఆపైన ఇంకోటి. తేల్చీ తేల్చీ గిన్నె ఖాళీ చేశాడు.

"మరి ఈ తీపి ఎక్కడిది, అక్కిరాజూ?"

"గుమ్మడికాయది, ఉల్లిపాయది ప్రభూ. పుట్టుకతోనే మీ ఆజ్ఞ మీరాయి. ముసలమ్మతో పాటు వాటినీ దేశం దాటించండి. కాకపోతే దొంగ సరుకంతా ఇప్పుడు తమరి కడుపులోనే ఉంది. ముందుగా తమరే బయల్దేరాలి."

రాజు ఖాళీ గిన్నె వంక చూసి పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ భోరున ఏడ్చాడు. రాణి పోయాక అతను నలుగురిలో ఏడవడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని అక్కిరాజు చేతికి తన కంకణం తొడిగాడు, కోట తాళాలు తీయించాడు.

మర్నాడు పేరిందేవమ్మ పులుసులో బెల్లం వేసింది. రాజు ఏడుస్తూనే కూర్చున్నాడు విస్తరి ముందు. ఇంకాస్త వడ్డించమన్నాడు.