కొలువంతా కుంటిన రోజు

ఏడు వాగులు దాటితే వచ్చే ఒకానొక రాజ్యాన్ని పూర్వం రణభేరుండ మహారాజు ఏలుతుండేవాడు. మంచివాడే గాని డాంబికం కాస్త ఎక్కువ. పల్లకి నేలకు ఆనకముందే దూకి దిగడం ఆయనకో ముచ్చట. "నేల కోసం నేను ఆగడమేమిటి?" అనేవాడు.

ఒకనాడు అలాగే దూకాడు. కుడికాలు మడత పడింది. చీలమండ దగ్గర కలుక్కుమంది. చూస్తుండగానే పాదం బూరెలా ఉబ్బింది.

పరివారం ముందు పరువు పోయిందని ఆయనకు ఒళ్లు మండింది. పల్లకి ముందువైపు మోసే బోయీ పోలయ్య మీద విరుచుకుపడ్డాడు. "వీడే కుదిపాడు! రాజపాదానికి గాయం చేశాడు! రేపు కొలువులో వీణ్ణి దేశం నుంచి వెళ్లగొడతాను!"

ఆ ఊపులోనే చుట్టూ చూసి, "నా కాలికి మాత్రం ఏమీ కాలేదు. అయిందన్నవాడి నాలుక కోయిస్తాను!" అన్నాడు.

ఆస్థాన వైద్యుడికి చెమటలు పట్టాయి. కట్టు కట్టాలంటే గాయం ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే నాలుక దక్కదు. పాపం, ఆలోచించి ఆలోచించి, పసుపూ చింతపండూ ఉడికించిన పట్టు తెచ్చి రాజుగారి చెప్పుకు పూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం పోలయ్య ఆస్థాన విదూషకుడు చెన్నప్ప ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"నేను కుదపలేదయ్యా! మీసం రాని నాటి నుంచీ మోస్తున్నాను. మోకాళ్లు అరిగిపోయినా ఒక్కనాడు పల్లకి తొణకనివ్వలేదు. ఇప్పుడు పెళ్లాంబిడ్డలతో ఎక్కడికి పోయేది?"

చెన్నప్ప మనసు చివుక్కుమంది. తప్పు తమదేనని రాజుగారి ముఖం మీద చెబితే, పోలయ్యతో పాటు తానూ వాగులు దాటాల్సిందే. పైగా ఆ బెణికిన కాలితో రాజు ఇలాగే తిరిగితే అది ఎన్నటికి బాగుపడేను?

కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత కళ్లు మెరిశాయి.

"పోలయ్యా, రాజుగారు ఇప్పుడెలా నడుస్తున్నారు?"

"కుడికాలు నేలకు తగిలీ తగలకుండా, నడుం ఓ పక్కకు వాల్చి, పళ్లు బిగబట్టి."

"ఏదీ, నడిచి చూపించు!"

ఆ నడక నేర్చుకుని చెన్నప్ప కొలువువాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లాడు. అందరినీ ఒకటే అడిగాడు: "రాజుగారి కాలు బాగానే ఉందని నమ్ముతున్నారు కదా?" నమ్మనని ఎవరంటారు? "అయితే రేపు మీరూ ఇలాగే నడవాలి" అన్నాడు.

మర్నాడు రాజు కుంటుకుంటూ వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. వెనకాలే పండితులు కుంటుతూ వచ్చారు. భటులు కుంటుతూ వచ్చారు. బొజ్జ మోసుకుంటూ మహామంత్రీ కుంటుతూ వచ్చాడు.

"మంత్రిగారూ, అది ఎడమకాలు! కుడిది, కుడిది!" అన్నాడు చెన్నప్ప.

రాజు కళ్లెర్రజేశాడు. "ఏమిటీ వేళాకోళం? నన్నే వెక్కిరిస్తున్నారా?"

"ఎంతమాట ప్రభూ! తమ కాలికేమీ కాలేదని తమరే సెలవిచ్చారు. అంటే బాగున్న కాలు నడవాల్సిన తీరు ఇదే. ఇన్నాళ్లూ మేమే తప్పుగా నడిచాం. దిద్దుకుంటున్నాం. మంత్రిగారికే ఇంకా కుదరలేదు."

"కుదరడం కాదయ్యా, పిక్క పట్టేసింది!" అని మంత్రి మూలిగాడు.

రాజు నవ్వు ఆపుకుని మీసం సవరించాడు. "చాలు. ముందు ఆ బోయీకి శిక్ష వేయనీ."

"అక్కడే నాకు చిక్కొచ్చింది ప్రభూ. గాయం లేదంటే, లేని గాయానికి పోలయ్యను ఎలా దండిస్తారు? ఉందంటే, తమరు ఇక్కడ కూర్చోకూడదు. కాలు దిండు మీద ఎత్తిపెట్టుకుని, కట్టు కట్టించుకుని పడుకోవాలి. ఏది నిజమో తమరే చెప్పండి. అందాకా మేమిలాగే కుంటుతుంటాం."

రాజు కోపంతో దిగ్గున లేచాడు. బరువంతా కుడికాలి మీద పడింది.

"అమ్మా!" అని అరిచాడు.

"అమ్మా!" అంది కొలువంతా ఒక్క గొంతుతో.

రాజు కొలువునంతా ఓసారి కలయజూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఉందయ్యా, గాయముంది! ప్రాణం పోతోంది! పోలయ్య కుదపలేదు, నేనే దూకాను. వైద్యుడేడీ?"

"ఇదిగో, ఇక్కడే ఉన్నాను! నిన్నటి పట్టు చెప్పుకే అయిపోయింది ప్రభూ, కొత్తది కలుపుకొస్తాను!" అంటూ వైద్యుడు కుంటడం మరిచి తిన్నగా పరుగెత్తాడు.

రాజు తన శాలువా తీసి చెన్నప్ప భుజాన కప్పాడు. "ఇంకేం కావాలో అడుగు."

"తమ కాలికి దొరికే విశ్రాంతిలో కాస్త పోలయ్య మోకాళ్లకూ ఇప్పించండి."

"ఇచ్చాను. నేను లేచేదాకా బోయీలకు పని లేదు, జీతం మాత్రం ఉంది. వైద్యుడు వాళ్ల మోకాళ్లూ చూస్తాడు."

వాపు తగ్గింది. రాజు మళ్లీ పల్లకి ఎక్కాడు. కోట వాకిట పల్లకి ఆగగానే పాత అలవాటు కొద్దీ కాలు బయట పెట్టబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"పోలయ్యా, నేలకు ఆనిందా?"

"ఆనింది ప్రభూ. ఇక దిగండి."